జగపతి చివరి కూత

దంతాలపల్లి చుట్టుపక్కల ఏ పని మొదలుపెట్టాలన్నా రిబ్బను కత్తిరించడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఆ పెద్దమనిషి జగపతి. మిర్చి చేలున్నాయి, ట్రాక్టరుంది, ఒకసారి సర్పంచిగా గెలిచాడు, మరోసారి దిమ్మ తిరిగేలా ఓడాడు. అయినా శాలువాలు మాత్రం ఆగలేదు. ఇంట్లో ఎన్ని శాలువాలంటే, భార్య అహల్య వాటిని మిర్చి బస్తాల మీద కప్పుతుంది.

కబడ్డీ పోటీలైతే ఆయన లేనిదే మొదలవవు. ఎందుకంటే ఆయన ఒకప్పటి పేరుమోసిన ఆటగాడు. ఈ పేరు ఎలా మోసిందో జగపతికి ఒక్కడికే తెలుసు. కాలేజీ రోజుల్లో జట్టుతో వరంగల్ దాకా వెళ్ళాడు. బెంచీ మీద కూచున్నాడు. తోటివాళ్ళ బట్టలకు కాపలా కాశాడు. జట్టు మొదటి ఆటలోనే ఓడి సాయంత్రం బండికే తిరిగొచ్చింది. ఊళ్ళో ఎవరో "జగపతి వరంగల్ల ఆడొచ్చిండు" అన్నారు. కొన్నేళ్ళకు అది "జిల్లాకు ఆడిండు" అయింది, ఆ తర్వాత "రాష్ట్రానికి ఆడిండు" అయింది. ఇందులో ఒక్క అబద్ధం కూడా ఆయన చెప్పలేదు, పాపం. ఎవరు ఏమన్నా నవ్వి ఊరుకున్నాడంతే. ఊరుకోవడంలో మాత్రం ఆయన నిజంగా రాష్ట్రస్థాయి ఆటగాడే.

పోటీల్లో తొలి కూత ముఖ్య అతిథిది. అదొక మర్యాద. అతిథి ప్యాంటు మడిచి, గీత దాటి, కబడ్డీ కబడ్డీ అంటూ వెళ్తాడు. అవతలి జట్టు నవ్వుకుంటూ వెనక్కి జరుగుతుంది. అతిథి ఒకరిద్దరి భుజాలు తట్టి, విజయవంతంగా తిరిగొస్తాడు. చప్పట్లు. ఆయన్ని ఎవరూ పట్టరు. పట్టుకుంటే అది ఆట కాదు, తలబిరుసుతనం.

ఈసారి అవతలి జట్టు మూలన శ్రావణ్ నిలబడి ఉన్నాడు. జగపతి ట్రాక్టరు నడిపే దుర్గయ్య కొడుకు. వాడు చీలమండ పట్టాడంటే ఎంతటివాడైనా మట్టి కరవాల్సిందే. ఆదివారానికొక ఆటగా రెండు నెలలు సాగే ఈ పోటీల చివర్లో మండలం జట్టును ఎంచి మహబూబాబాద్ పంపుతారు, జిల్లా జట్టుకు ఆటగాళ్ళను ఏరేది అక్కడే. వాడి పేరు అందులో ఉంటుందని ఊరంతా అనుకుంటోంది. వాడైతే రోజూ తెల్లారకముందే లేచి పొలాల వెంట పరుగెత్తుతున్నాడు.

జగపతి కూతకు వెళ్ళాడు. యాభై దాటిన ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, తెల్లని ప్యాంటు. ఇద్దరి భుజాలు తట్టాడు. ఈలలు మోగాయి. ఆ ఈలలతో మనిషికి ఒళ్ళు తెలియలేదు. తిరిగి గీత వైపు పరుగెత్తుతూ, కుడికాలు మట్టిలో గట్టిగా దిగేసి, కుర్చీల్లో కూచున్న పెద్దల వైపు గిరుక్కున తిరిగి దండం పెట్టబోయాడు. ఒళ్ళు తిరిగింది. పాదం తిరగలేదు. మోకాలి లోపల ఫట్‌మని ఏదో తెగింది. రాష్ట్రస్థాయి ఆటగాడు బోర్లా పడ్డాడు.

"అరె శ్రావణ్! పెద్దమనిషి కాలు గట్ల గుంజుతరా బే?" అని అరిచాడు నర్సింగరావు. ఎరువుల దుకాణం ఆయనది, పోటీలు పెట్టింది కూడా ఆయనే.

"నేను ముట్టనే లేదు కాక! గీడ నిలబడ్డ సూడు," అన్నాడు శ్రావణ్. నిజంగానే వాడు దూరంగా, తన మూలనే ఉన్నాడు.

జగపతి నోరు తెరిచాడు. అంత నొప్పిలోనూ లెక్క చకచకా తేలిపోయింది. తనంతట తానే దండం పెడుతూ పడ్డాడంటే పరువు గంగలో కలిసినట్టే. మండలంలోకెల్లా మొనగాడు లాగితే పడ్డాడంటే అదొక గౌరవం. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఎప్పట్లాగే ఊరుకున్నాడు.

మోకాలు గుమ్మడికాయంత వాచింది. పక్క ఊరి నుంచి కట్లు కట్టే ముసలాయన వచ్చి, "నరం ఎక్కింది" అని, కాలు ఒక్క గుంజు గుంజి, పసరు పూసి బిగించి పోయాడు. ఆ గుంజుడుకు జగపతి పెట్టిన కేక తొలి కూతకన్నా చాలా బాగుందని అహల్య తర్వాత చెప్పింది. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ కథకు ఇంకో ఇటుక పేర్చాడు. శ్రావణ్ ఒక్కడే కాదట, ముగ్గురు మీద పడ్డారట. అయినా జగపతి గీత దాకా పాకాడట. మంచం మీద జగపతి నవ్వి ఊరుకున్నాడు.

ఒకరోజు పొద్దున దుర్గయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పోరన్ని జట్టుల నుంచి తీసేసిన్రు పటేల. మంచిగైంది. బుద్ధి జెప్పిన. ఇగ ఆడడు," అన్నాడు తల వంచుకుని.

జగపతి మంచం మీద లేచి కూచున్నాడు. "గట్లెందుకు దుర్గయ్యా..." అని మొదలుపెట్టాడు. "చాయ్ తాగిపో," అన్నాడు. ఛీ, ఇంత పెద్ద నోరు పెట్టుకుని చాయ్ తప్ప మరో మాట రాలేదేమని దుర్గయ్య వెళ్ళాక తనను తానే తిట్టుకున్నాడు.

వాపు దిగకపోయేసరికి అహల్య ఆటో మాట్లాడి మహబూబాబాద్ తీసుకుపోయింది. ఎముకల డాక్టరు మేఘన చిన్న వయసు మనిషి. కట్టు విప్పించి, మోకాలు వంచి, పిక్కను ముందుకు లాగి చూసింది. రెండో కాలునూ అలాగే లాగి పోల్చుకుంది.

"ఎట్ల పడ్డరు?"

జగపతి ముగ్గురు మీద పడ్డ కథ మొత్తం చెప్పాడు. డాక్టరు ఓపిగ్గా విన్నది.

"పాదం నేల మీదనే ఉండి ఒళ్ళు తిరిగిందా? లోపల ఫట్‌మన్నదా? కొద్దిసేపట్లనే వాచిందా?"

అన్నిటికీ ఔననక తప్పలేదు.

"తొడ ఎముకను, పిక్క ఎముకను పట్టి ఉంచే తాడు లాంటిది మోకాలి లోపల ఉంటది. లిగమెంట్ అంటం. కింది ఎముక ఆగి, పై ఎముక తిరిగితే అది తెగుతది. చానాసార్లు దీనికి ఎవ్వలు ముట్టాల్సిన పనే లేదు సార్. మనంతట మనం గిరుక్కున తిరిగితే చాలు."

"ఎవ్వలు ముట్టకుంటనే పడ్డనంటవా అమ్మా?" జగపతి గొంతు పెంచాడు.

"ఎవ్వలు ముట్టలే డాక్టరమ్మా," అంది అహల్య ప్రశాంతంగా. "ఆడోళ్ళ కుర్చీలల్ల నేను ముందు వరసలనే ఉన్న. దండం పెట్టబోయి పడ్డడు."

జగపతి తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానును చాలా శ్రద్ధగా చూశాడు.

స్కానింగులో లిగమెంట్ పూర్తిగా తెగిందని తేలింది. "కుట్టెయ్యరాదా?" అన్నాడు జగపతి. చిరిగిన చొక్కాలా కుట్టడం కుదరదనీ, తొడ వెనక నుంచి పోగు తీసి కొత్తది అమర్చాలనీ, ముందైతే వాపు దిగి, కాలు పూర్తిగా చాపగలిగి, తొడ కండకు బలం రావాలనీ చెప్పింది డాక్టరు. ఆ తర్వాత కూడా మోకాలు జారుతుంటే అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామంది.

"నొప్పి పోయిందని వ్యాయామం బంద్ పెట్టొద్దు. నొప్పి పోతే బాగైనట్టు కాదు. ఎటన్న తిరగాలంటే ముందు పాదాలు తిప్పుండ్రి, తర్వాత ఒళ్ళు."

"మళ్ళ కబడ్డీ ఆడొచ్చా?"

"ఎప్పుడన్న ఆడితే గదా మళ్ళ ఆడనీకి!" అని అహల్య పకపకా నవ్వింది.

ఇంట్లో వ్యాయామం మొదలైంది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి నొక్కాలి, కాలు చాపి పైకెత్తాలి. తాను చెయ్యెత్తితే సభ సద్దుమణిగేది, ఇప్పుడు సొంత కాలు ఎత్తడానికి చెమటలు పడుతున్నాయి. నొప్పి తగ్గగానే డాక్టరు చెప్పినదంతా గాలికొదిలేశాడు. మోకాలికి వేసుకోమన్న పట్టీ తలుపు వెనక వేలాడదీసి, మిర్చి ఆరబోసిన కల్లానికి నడిచి వెళ్ళాడు. వెనక నుంచి ఎవరో "పటేలా, దండం!" అన్నారు. దండమంటే ఆగే మనిషా! గిరుక్కున తిరిగాడు. మోకాలు సర్రున జారింది. ఎర్రటి మిర్చి కుప్పలో కూలబడ్డాడు.

పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి లేపింది దుర్గయ్యే. అతను అంతా చూశాడు. చుట్టుపక్కల పురుగు కూడా లేదు, పటేల్ తనంతట తానే తిరిగి పడ్డాడు. దుర్గయ్య కిందికి వంగాడు. జగపతి ప్యాంటుకు అంటిన మిర్చి గింజలు దులిపాడు.

"జర పైలం పటేల," అన్నాడు.

"శ్రావణ్ ఏం జేస్తుండు?"

"ఏమున్నది, ఇంట్లనే ఉంటుండు. నంబరేసిన బనీను మడిచి పెట్టెల పెట్టిండు."

మిర్చి ఘాటుకు జగపతి కళ్ళు మండాయి. మిర్చి వల్లే అనుకోవడానికి ఆయన చాలా ప్రయత్నించాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆఖరి ఆట నాడు ముఖ్య అతిథిగా పిలిచారు. పట్టీ బిగించుకుని, కర్ర పట్టుకుని వెళ్ళాడు. శాలువా కప్పబోతుంటే పక్కకు నెట్టి మైకు అందుకున్నాడు.

"ఒక్క మాట చెప్పాలె. ఆనాడు నన్ను ఎవ్వలు ముట్టలే. శ్రావణ్ ఆ మూలనే ఉన్నడు. నేనే కుర్చీల దిక్కు దండం పెట్టబోయి పడ్డ. ఇంకొకటి. వరంగల్ల గూడ నేను ఆడలే. బట్టలకు కావలి ఉన్న."

జనం నోరెళ్ళబెడతారనుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఆట అంచున పల్లీలమ్మే బుచ్చవ్వ మాత్రం గంప సర్దుకుంటూ అంది:

"మాకెరుకే గద కొడుకా. నువ్వు పడ్డది అందరి ఫోన్లల్ల ఉన్నది. నా మనుమడు రోజు సూత్తడు."

జగపతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నర్సింగరావు వైపు చూశాడు.

"ఎరుకైతే పోరన్ని ఎందుకు తీసేసిన్రే?"

"నువ్వు ఊరుకుంటివి గదన్నా," అన్నాడు నర్సింగరావు నేల చూపులు చూస్తూ. "నీ మాట కాదని మేమెట్లంటం?"

"నేనేం మాటన్న?"

"ఏమనలే. అందుకే."

జగపతికి చెంప మీద కొట్టినట్టయింది. తాను ఊరుకుంటే దక్కేది తన పరువు మాత్రమేననుకున్నాడు ఇన్నాళ్ళూ, ఊరికి అదే ఆజ్ఞ అయింది. మైకు కింద పెట్టి, కర్ర ఊతంగా నేరుగా ఆట మధ్యలోకి నడిచాడు.

"శ్రావణ్! రారా!"

జనం వెనక నిలబడ్డ శ్రావణ్ మామూలు చొక్కాతోనే వచ్చి తన మూలన నిలబడ్డాడు. జగపతి గీత దాటాడు. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఆటగాళ్ళంతా అలవాటుగా వెనక్కి జరిగారు. శ్రావణ్ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

కూత ఆపితే ఔటే కనుక జగపతి కూస్తూనే, కర్ర లేని చెయ్యి ముందుకు చాపి, పట్టమని సైగ చేశాడు. శ్రావణ్ తండ్రి వైపు చూశాడు. దుర్గయ్య తలూపాడు. అప్పుడు వాడు ముందుకొచ్చి, చీలమండ జోలికి పోకుండా, ఆ చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. జగపతి గుంజాడు. రాలేదు. నిజంగానే గుంజాడు, నిజంగానే రాలేదు. ఊపిరి అయిపోయింది.

"ఏం జూస్తున్నవ్? ఊదు!" అన్నాడు రిఫరీతో, రొప్పుతూ.

ఈల మోగింది. "ఔట్!" అన్నాడు రిఫరీ, చిన్న గొంతుతో.

"గట్టిగ జెప్పు. ఎవలు పట్టిన్రో గది గూడ జెప్పు."

"శ్రావణ్ పట్టిండు, జగపతి ఔట్!"

అప్పుడు మోగాయి చప్పట్లు. నర్సింగరావు శ్రావణ్ దగ్గరకొచ్చి, "ఇంటికి పోయి బనీను తెచ్చుకోపో," అన్నాడు. వాడు ఆ మాట పూర్తిగా వినకుండానే పరుగందుకున్నాడు.

జగపతి గీత దాకా వచ్చి ఆగాడు. కుర్చీల్లోని పెద్దలు లేచి నిలబడ్డారు, ఆయన అటు తిరగలేదు. ముందు పాదాలు తిప్పాడు, తర్వాత ఒళ్ళు తిప్పాడు, దుర్గయ్య నిలబడ్డ దిక్కుకు. కర్ర చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించాడు. ఈసారి పడలేదు.