మోనిషా బోర్డు, కస్తూరమ్మ తొడుగు

తిరుత్తణిలో మా పక్కింటి కస్తూరమ్మకు ఒక పిచ్చి ఉంది. ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద బట్ట లేకుండా ఉండకూడదు. మిక్సీకి తొడుగు, టీవీకి తొడుగు, గ్యాసు సిలిండరుకు పావడా. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ ఇలా సద్వినియోగమవుతాయి. మా టేబుల్ ఫ్యానుకు కూడా ఒకటి కుట్టి తెచ్చింది, తిరిగేటప్పుడు తీసెయ్యమని మరీ మరీ చెప్పి. కూతురు మోనిషాకు ఈ తొడుగులంటే ఒళ్లుమంట. వాటి మీద తల్లీకూతుళ్లకు రోజూ పోట్లాటే.

మోనిషా ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది. రోజూ లోకల్ రైలెక్కి తిరువళ్లూరులో ఒక చిన్న కంపెనీకి వెళ్తుంది. అక్కడ నడుముకు కట్టుకునే మైకు పెట్టెలు తయారుచేస్తారు. పూలమ్మేవాళ్లు, బడి టీచర్లు గొంతు చించుకోకుండా ఉండేందుకు కొంటారు. లోపలి లిథియం బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే బోర్డును మాత్రం బజారులో కొని బిగించేవాళ్లు.

ఆ బోర్డు తానే డిజైన్ చేస్తానని మోనిషా ఓనరు యువరాజ్‌ను అడిగింది. ఆయన సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. నెగ్గితే డిజైన్ సీటు, లేకపోతే మళ్లీ టంకాలు పెట్టే బల్ల దగ్గరికే. ఆ బల్ల ముందు పొగ పీలుస్తూ ఆ పిల్ల అప్పటికే చాలా ఏళ్లు గడిపింది.

"బ్యాటరీ కూడా మనిషి మాదిరే అత్తా," అనింది నాతో ఒకరోజు. "పస్తు ఉన్నోడికి ముందు గంజి పొయ్యాల. తెప్పరిల్లినాక కూడు పెట్టాల. కడుపు నిండేకొద్దీ తగ్గించుకుంటా రావాల. నిండినాక ఒక్క మెతుకు కూడా పెట్టకూడదు."

ఆ వరసలోనే కరెంటు పంపే చిప్పు పెట్టింది. బ్యాటరీకి ఆనించి బియ్యపుగింజంత ముక్క ఒకటి అమర్చింది. బ్యాటరీ వేడెక్కితే అది చార్జింగ్ ఆపేస్తుంది, చల్లబడితే మళ్లీ మొదలుపెడుతుంది. అది అనవసరమని యువరాజ్ అన్నా ఈ పిల్ల వినలేదు.

ఆడికృత్తిక పండగకు యువరాజ్ మా ఊరి కొండ మీది గుడికి వచ్చాడు. దర్శనమయ్యాక పనిలో పనిగా పరీక్షకని మోనిషా ఇంటికి తెచ్చుకున్న రెండు పెట్టెలు కూడా చూస్తానన్నాడు. ఒకదాంట్లో బజారు బోర్డు, ఇంకోదాంట్లో మోనిషా బోర్డు. పొద్దున్నే రెండింటికీ చార్జింగ్ పెట్టి, మోనిషా ఆయన్ని పిలుచుకురావడానికి కొండ కిందికి వెళ్లింది.

వాళ్లు వస్తుంటే నేనూ వెనకే వెళ్లాను. మేము లోపలికి వెళ్లేసరికి రెండు పెట్టెలూ నెమలికంఠం రంగు వెల్వెట్ తొడుగుల్లో పెళ్లికూతుళ్లలా కూర్చుని ఉన్నాయి. పెట్టె మీది చార్జింగ్ దీపం కనబడేందుకు చిన్న కన్నం కూడా ఉంది. బజారుదానికి పచ్చదీపం. మోనిషాదానికి ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది.

"ఏం మోనిషా, బజారుది నిండిపోయిందే. నీది సగంలోనే నిద్రపోయిందా?" అన్నాడు యువరాజ్.

నాకు ఒళ్లు మండింది. కస్తూరమ్మ ఇచ్చిన కాఫీ ఇంకా చేతిలో ఉండగానే అనాలా ఆ మాట? మోనిషా తన పెట్టె దగ్గరికి వెళ్లింది. వంగి తొడుగు మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఎప్పుడు కప్పినావు దీన్ని?"

"నువ్వు పోయినాకే పాపా. సార్ వస్తాడని కొత్తగా కుట్టి వేసినా. దుమ్ము పడదా?"

మోనిషా బజారు పెట్టె తొడుగు లాగేసింది. యువరాజ్ దాన్ని తాకి, చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపలి బ్యాటరీ పూరీలా పొంగి మూతను పైకి లేపేసింది. ఆయన గబగబా వైరు పీకాడు.

మోనిషా పెట్టె మాత్రం గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ పిల్ల దాని తొడుగు తీసి ఫ్యాను కింద పెట్టింది. అందరం ఆ ఎర్రదీపాన్నే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు ఏమీ కాలేదు. కస్తూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉన్నట్టుండి దీపం మిణకడం మానేసి నిలకడగా వెలిగింది.

"మళ్లా కూడు తింటా ఉందే!" అని అరిచింది నేనే. భోజనాల వేళకు అది పచ్చబడింది. నా సొంత కూతురు గెలిచినంత ఆనందమైంది నాకు.

"వేడి చూసే ముక్క పెట్టాలని ఎట్లా తోచింది నీకు?" అని అడిగాడు యువరాజ్.

"మా అమ్మ ఉండే ఇంట్లో ఏ వస్తువుకైనా గాలి ఆడుతుందా సార్? ఇట్లాంటి అమ్మలు ఊరంతా ఉంటారు."

"ఇది తిట్టా, పొగడ్తా?" అనింది కస్తూరమ్మ.

యువరాజ్ పకపకా నవ్వాడు. సోమవారం నుంచి డిజైన్ సీటులో కూర్చోమన్నాడు. వెల్వెట్ తొడుగు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇంక మన పెట్టెలన్నీ ఇందులో నెగ్గినాకే బయటికి పోవాల."

కస్తూరమ్మ కళ్లు తుడుచుకుంటూ కూతురి వైపు చూసింది. రోజూ ఆ తొడుగులు పీకి పారేసే మోనిషా తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకో నాలుగు కుట్టమ్మా. ఈసారి మందం గుడ్డతో."