మగ్గం గుంటలో కప్ప, మసాలా డబ్బాలో రాతిపువ్వు

ఇంటింటా మగ్గాలుండే మా దాజీ పేట్‌లో మా నాయనంత నేతగాడు లేడని ఇప్పటికీ అంటాను. కాదనేవాళ్లుంటే రమ్మనండి! ఆయనది నేలలో గుంట తవ్వి వేసిన మగ్గం. ఆ గుంట చెమ్మలో ఒక బోదురుకప్ప ఉండేది. గంజి పెట్టిన పడుగు దారాలను కొరికే పురుగులను అదే తినేది. నాయన పొద్దున కాళ్లు లోపల పెట్టేముందు తొక్కుడు చెక్కను రెండుసార్లు తట్టేవాడు. కప్ప పక్కకు జరిగాకే నేత మొదలు. వీధిలో కరెంటు మగ్గాల కోసం ఒక్కొక్క గుంటా పూడ్చేస్తుంటే కప్పలన్నీ పోయాయి. మిగిలింది మాదొక్కటే.

బడిలో గురూజీ ప్రాణమున్నవి రెండు తెచ్చి పోల్చి చెప్పమన్నారు. అందరూ ఆకులు, చీమలు తెస్తారని నాకు తెలుసు. నేను అమ్మ మసాలా డబ్బాలోంచి రాతిపువ్వు తీశాను. బండల మీద పెరిగేదే. ఎన్నాళ్లు ఎండినా నీళ్లు చల్లితే మెత్తగా విచ్చుకునేది. దానికి జోడీగా కప్పను పట్టి నూలు కండెల డబ్బాలో మూతపెట్టాను. ఎండినా ఇదీ నీళ్లు చల్లితే లేస్తుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నా వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది. రాతిపువ్వు విచ్చుకుంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. డబ్బా తెరిస్తే కప్ప ఒంటినిండా నూలు పీచు అంటుకుని, చర్మం ముడుచుకుపోయి పడి ఉంది. ఎన్ని నీళ్లు చల్లినా కదల్లేదు. ఏడుస్తూ డబ్బాతో ఇంటికి పరుగెత్తాను.

తిడతాడనుకున్నాను. నాయన మగ్గం ఆపి, కప్పను గుంట మూలన తడిమట్టిలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పాడు.

"రాతిపువ్వుకు ఓపికుంటది బిడ్డా. దీనికి చెమ్మనే పానం," అన్నాడు.

సగం నేసిన చీర అలాగే ఉంది. అయినా నాయన ఆ రోజు మళ్లీ గుంటలో కాలు పెట్టలేదు. తెల్లారి చెక్కను రెండుసార్లు తట్టాడు. ఏమీ లేదు. మళ్లీ తట్టాడు. గుడ్డ కింద ఏదో కదిలింది.

"రేపటి సంది నువ్వే తట్టాలె," అన్నాడు నాయన.

మర్నాటి నుంచి తట్టే పని నాదే. కొన్నాళ్లకు గుంట పూడ్చి కరెంటు మగ్గం పెట్టుకొమ్మని ఒక పెద్దమనిషి వచ్చాడు. నాయన నేత ఆపకుండానే నన్ను చూపించాడు.

"గుంట నా బిడ్డది. దాన్నడుగుండ్రి."

నేను పూడ్చనియ్యలేదు.