సర్జాను కట్టేసిన చోటు

2022, మార్చి నెల. సోలాపూర్ శివార్లలో గుర్రాలకు కృత్రిమ గర్భధారణ చేసే ఒక కేంద్రంలో ల్యాబ్ నేనే చూసుకునేదాన్ని. నేతపనివాళ్ళ ఇంట పుట్టి గుర్రాల వీర్యం పరీక్షించే ఉద్యోగమేమిటని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీ!

నీలం నగర్‌లో మరమగ్గాలు నడిపే నర్సయ్య కాకా దగ్గర సర్జా అనే మగగుర్రం ఉండేది. వెనక కాలికి దెబ్బ తగలడంతో అది ఆడగుర్రంతో జతకట్టలేకపోయింది. తన ఆడగుర్రానికి సర్జా పిల్లే పుట్టాలని ఆయన మా దగ్గరికి వచ్చాడు.

మేలైన వీర్యకణాలను ఏరడం నా పని. ట్యూబులో కొలాయిడ్ అనే చిక్కటి ద్రవం పోసి, దానిమీద వీర్యం వేసి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పుతాం. ఆరోగ్యంగా ఉన్న కణాలు ద్రవాన్ని దాటి అడుగుకు చేరతాయి. తోక వంకరవి, తల చెడినవి చాలావరకు పైనే ఆగిపోతాయి. సర్జా నమూనాలో అడుక్కి దాదాపు ఏమీ చేరలేదు. వారం తర్వాత తీసినా అంతే. 'సంతానానికి పనికిరాదు' అని రిపోర్టు రాసి కాకా చేతిలో పెట్టాను.

ఆ మధ్యాహ్నం కాకా ఫోన్ చేశాడు. "బిడ్డా, రేపు డాక్టర్‌ను పిలిచిన. సర్జాకు ఖస్సీ చేపిస్త. పిల్లలకు పనికిరాదంటివి గద, వృషణాలు తీసేస్తె నిమ్మలంగనన్న ఉంటది."

ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోలేదు. ఖస్సీ చేశాక ఇక వెనక్కి తిరిగేది లేదు. ఆ గుర్రం ఎలా బతుకుతోందో నేను ఒక్క ముక్కైనా అడగలేదు. మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద వెళ్ళేసరికి డాక్టర్ అప్పటికే సంచి విప్పుతున్నాడు. సర్జా వెనక భాగాన్ని గోడకు ఆనించి నిలబడి ఉంది. ఆ గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

"కాకా, అవతల ఏమున్నది?"

"నూలుకు రంగులేసే కార్ఖానా బాయిలర్. కాలుకు కాపడం అయితదని మూడు నెలల సంది ఈడనే కట్టేస్తున్న."

వృషణాలకు వేడి తగిలితే వీర్యకణాలు పాడవుతాయి. కొత్తవి తయారవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. నేను చూసినవన్నీ ఆ వేడిలో తయారైనవే.

"అంటే నేనే ఖరాబ్ చేసిన్నా?" అన్నాడు కాకా.

"నువ్వు పానంగ చూసుకున్నవు కాకా. అడగకుండ రాసింది నేను. మూడు నెలలు ఆగు."

కాకా గుర్రాన్ని విప్పి, అవతలి వరండాలో కట్టేశాడు. డాక్టర్ వెళ్ళిపోయాడు.

జూన్‌లో మళ్ళీ నమూనా తీశాం. ఈసారి ట్యూబు అడుగున తెల్లటి పొర నిలిచింది. కాకా తొంగిచూసి "గింతేనా?" అన్నాడు. "గింత చాలు" అన్నాను. దాంతో ఆడగుర్రం చూలు కట్టింది.

సెంట్రిఫ్యూజ్ చెడ్డవాటిని వేరు చేస్తుంది. అవి ఎందుకు చెడ్డాయో చెప్పదు. అడగాల్సింది మనమే.

ఇప్పుడు ఆ పిల్ల నీలం నగర్ సందుల్లో గంతులేస్తోంది. ఎవరొచ్చినా "దీన్ని మా బిడ్డనే పుట్టిచ్చింది" అని చూపిస్తాడు కాకా. నా రిపోర్టు సంగతి మాత్రం ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆయన అలా మురిసిపోతుంటే నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.