బస్సు కొనిచ్చిన మిషను

ధర్మవరంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె ఒడిలో పట్టుదారం కండెలు నిండిన సంచి ఉంది. చీరలకు ఫాల్సు కుట్టి, కుచ్చులు వేసి ఇస్తుందట. ఆడవాళ్ళం కాబట్టి కండక్టరు ఇద్దరికీ ఫ్రీ టికెట్లు కొట్టి ఇచ్చాడు. ఆమె వెంటనే పర్సులోంచి హిందూపురం దాకా అయ్యే చార్జీ లెక్కపెట్టి తీసి, నడుముకున్న గుడ్డ తిత్తిలో వేసుకుంది.

"ఎవరికక్కా ఆ డబ్బు?" అన్నాను నవ్వుతూ.

"నా పనికి పాపా. బస్సు ఫ్రీ అయినాక కూడా చార్జీ కడ్తానే ఉండా."

పెనుకొండలో టీ తాగుదామంటే ఆమె పర్సు ఖాళీ. తిత్తిని మాత్రం ముట్టలేదు. "ఇవి నావి కాదు, పనివి" అంది. టీ నేనే ఇప్పించాను.

తాగుతూ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కుట్టుమిషను ఫొటో ఫోన్లో చూపించింది. "తిత్తిలో దుడ్లతోనే కొన్నా. మా ఆయన ఊరంతా బస్సు కొనిచ్చిన మిషనని చెప్తాండాడు. బస్సులో ఇంతమంది పోతాండారు గదా, అందరికీ వచ్చినాయా మిషన్లు?"

నాది టిఫిన్ అంగడి. గల్లాలో చేయిపెట్టి ఇంటికి కావలసినవన్నీ కొనేసి, నెలాఖరుకు మినప్పప్పు కోసం అప్పు చేసేదాన్ని. ఆ వారమే నేనూ ఒక గుడ్డ తిత్తి కుట్టించుకున్నాను.

నిన్న నేను చార్జీ డబ్బు తిత్తిలో వేసుకుంటుంటే, పక్క సీటు అమ్మాయి "ఎవరికక్కా?" అని నవ్వింది.

"నా గ్రైండరుకు" అన్నాను, బస్సంతా వినపడేలా.