నాయన వేసిన బాత్రూం నేల

మా నాయనది బేల్దారి పని. విడపనకల్లు చుట్టుపక్కల తన చెయ్యి పడని ఇల్లు లేదని ఆయనే చెప్పుకుంటాడు. ఆయన దగ్గర సిమెంటు మాలు మోసి మోసి, ఆయన కూతుర్ని నేనే తాపీ పట్టి పదేళ్లయింది. ఒక్కసారైనా నా పని బాగుందని ఆయన నోట వినాలని నాకు మహా ఆశ.

మా ఇంటి బాత్రూం మాత్రం ఆయనొక్కడే వేశాడు. టైల్స్ తళతళలాడాయి గానీ, స్నానం చేస్తే నీళ్లు బయటికి పోయే జాలీ వైపు పారకుండా వెనక మూలలో నిలిచేవి. నెల తిరగకముందే అమ్మ అక్కడ జారిపడింది. ఎముక విరగలేదు. కానీ ఆ గదిలోకి ఇక పోనంది. పెరట్లో చీర అడ్డం కట్టుకుని బండ మీద స్నానం చేస్తుంటే నాకు కడుపు మండింది.

తప్పెక్కడో నాకు తెలుసు. మా వైపు నేల వేశాక జాలీ దగ్గర చెంబెడు నీళ్లు పోసి, అవి పోతే నేల వాటం కుదిరిందంటాం; దూరపు మూలల్లో పల్లం ఉందో లేదో దాంతో తేలదు. బోర్లెండిన ఊళ్లో బకెట్లు కుమ్మరించి చూడడానికి ఎవరికి మనసొస్తుంది? నేనూ అలా చూసి వదిలేసిన నేలలున్నాయి.

"నాయనా, ఆ మూల పగలగొట్టాల."

"నలభై ఏండ్ల చెయ్యి ఇది. నా పనిలో ఉలి పెడతావా?"

నేను బాత్రూంలోకి రెండు బకెట్ల నీళ్లు తెచ్చి ఆయన ఎదుటే కుమ్మరించాను.

"ఏమ్మే, నీళ్లు అట్ల పారబోస్తాండావు!" అని అరిచాడు. ఆ నీళ్లు మూలకు చేరి అక్కడే ఆగిపోయాయి. అది చూసి నాయన, "సరే కానీ, పగలగొట్టు" అని బయటికి పోయాడు.

వెనక మూడు వరసల టైల్స్ లేపాను. గోడ నుంచి జాలీదాకా దారం కట్టి, గజానికి వేలి మందం పల్లం వచ్చేలా కొత్త మాలు పరిచి టైల్స్ వేశాను. నాలుగు రోజులు ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

ఐదో రోజు మళ్లీ రెండు బకెట్లు. ఒక్క చుక్క నిలిస్తే ఒట్టు! నా పనికి నా దిష్టే తగులుతుందేమో అనిపించింది. ఆ సాయంత్రం అమ్మ లోపల గడియ పెట్టుకుని తీరిగ్గా స్నానం చేసింది. నాయన మాత్రం ఆ మూలలో పాదం ఆనించి చూసి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు పక్క వీధి ఆయన వచ్చి నాయనను పిలిచాడు. "అన్నా, మా బాత్రూంలో నీళ్లు నిలబడతాండాయి. వచ్చి చూస్తావా?"

నాయన మంచం మీద నుంచి లేవకుండా నా వైపు చెయ్యి చూపించాడు.

"నన్నెందుకప్పా అడుగుతావు? మేస్త్రి ఆడుండాది, పో, అడుగు."