సరిచూడని ముప్పై నాలుగు పేజీలు

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన నెల ఒక గురువారం పొద్దున కన్నుమూసింది. నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా ఆమె కూతురు వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, అమ్మ పోయింది. నిద్రల్నే పోయింది" అంది. పొయ్యి ఆర్పి వెళ్లాను. ఆమె మంచం పక్కన స్టూలు మీద మూడు స్టీలు రింగులతో కట్టిన కాగితాల పుస్తకం ఉంది. అందులోని అక్షరాలు నావి, మాటలు ఆమెవి. అది ఎలా తయారైందో చెబితే ఆమె ఎలాంటి మనిషో పాఠకులకు తెలుస్తుంది.

ముప్పై ఏళ్లు దవాఖానలో నర్సుగా చేసింది కనుక వాడకట్టంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేది. నేను బాలికల పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. నా మనవరాళ్లు ఇప్పటికీ నా అడుగుల చప్పుడు వింటే ఫోన్లు దాచేస్తారు. అటువంటి నన్ను ఆటపట్టించే ధైర్యం ఆమె ఒక్కదానికే ఉండేది. రోజూ సాయంత్రం నాలుగింటికి మా వరండాలోకి వచ్చి కూర్చునేది.

ఉద్యోగం అయిపోయాక ఆమె మోర్మన్ల సంఘంలో చేరింది. వాళ్లూ క్రీస్తును కొలిచేవారే. కానీ బైబిలుతో పాటు ఇంకొక గ్రంథం కూడా దేవుని మాటేనని నమ్ముతారు. ఆ సంగతి నాకు చాయ్ వల్ల తెలిసింది. ఒకరోజు కప్పు చేతికిస్తే తీసుకోలేదు.

"వద్దక్కా, చాయ్ బంద్ చేసిన."

"డాక్టర్ వద్దన్నడా?"

"దేవుడు వద్దన్నడు."

"మీ దేవునికి చాయ్‌తోని ఏం కొట్లాట?"

ఆమె పగలబడి నవ్వింది. మరునాటి నుంచి ఆమెకు గ్లాసుడు మజ్జిగ ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ గ్లాసు ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆ గ్రంథం ఎలా వచ్చిందో ఆమె కొన్ని వారాల పాటు, మజ్జిగ తాగుతూ చెప్పింది. రెండు వందల ఏళ్ల కింద అమెరికాలో ఒక పల్లెటూరి యువకుడికి దేవదూత కనిపించాడట. దగ్గరి గుట్ట మీద, రాతిపెట్టెలో బంగారు రేకులు ఉన్నాయని చెప్పాడట. ప్రాచీన కాలంలో ఆ దేశంలో బతికిన ప్రవక్తలు తమ జాతి కథను ఆ రేకుల మీద చెక్కి, మూడు రింగులతో కట్టి దాచారట. వాటిని తీసుకోవడానికి ఆ యువకుడు నాలుగేళ్లు ఆగవలసి వచ్చింది. రేకులతో పాటు కళ్లద్దాల్లా బిగించిన రెండు రాళ్లు దొరికాయి. వాటి సాయంతో, దేవుని శక్తితో ఆ తెలియని భాషను అతడు చదివి చెబుతుంటే పక్కవాళ్లు రాసుకున్నారు.

"ఇప్పుడా రేకులు ఎక్కడున్నయ్?" అని అడిగాను.

"దేవదూత మల్ల తీసుకపోయిండు."

"సిస్టరమ్మా, నోట్సు మా మామ ఇంట్ల మర్చిపోయిన అన్న పిల్లను గూడ నేను బెంచీ ఎక్కించిన. నీ దేవదూత మాట ఎట్ల నమ్మాలె?"

"మన కొండ మీది గుడిల రాగిరేకుల మీద చెక్కిన పాటలు దొరకలేదా అక్కా?"

"అవి కండ్ల ముందు ఉన్నయ్."

"ఇవి గూడ చూసినోళ్లున్నరు. ముగ్గురికి దేవదూతే చూపిచ్చిండు. ఎనిమిది మంది చేతుల పట్టుకొని చూసిండ్రు. అండ్ల కొందరు తర్వాత కొట్లాడి సంఘం ఇడిసిపెట్టిండ్రు. గట్ల పోయినోళ్లు గూడ చూడలేదని మాత్రం అనలే."

నాకు నమ్మకం కలగలేదు. మజ్జిగ మాత్రం రోజూ సాగింది.

మూడేళ్ల కింద ఆమె కళ్లకు షుగరు దెబ్బ తగిలింది. సూదులు వేశారు, లేజరు పెట్టారు, చూపు నిలవలేదు. గుండె కూడా బలహీనపడింది. నర్సు కనుక తన రిపోర్టుల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక సాయంత్రం నా చేయి పట్టుకుంది.

"అక్కా, ఆదివారం మా ఇంటికొచ్చే పిల్లలకు ఈ కథ మన మాటల్ల రాసిపెట్టాలె. పుస్తకపు తెలుగు వాండ్లకు ఎక్కుతలేదు. నాకేమో అక్షరం కనిపిస్తలేదు. నేను చెప్త, నువ్వు రాయి."

"మీ సంఘపోళ్లు ఎవ్వరు దొరకలేదా?"

"అప్పుడు ఆ పిలగాడు చెప్తాంటె ముందు ఒక రైతు రాసిండు. తర్వాత మొత్తం రాసింది ఒక బడిపంతులే. గందుకే నిన్ను పట్టుకున్న."

ఒప్పుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని చెప్పేది, నేను రాసేదాన్ని. మొదటి వారమంతా జగడమే. "వాక్యం తప్పు" అనేదాన్ని. "దిద్దకక్కా, రాయి. చెప్పేటోళ్లు చెప్పాలె, రాసేటోళ్లు రాయాలె" అనేది. ముప్పై ఐదేళ్లు పిల్లల వాక్యాలు దిద్దిన చేతికి అది సులభం కాలేదు. ఏ రోజు ఎన్ని పేజీలు రాశామో నా డైరీలో గుర్తు పెట్టుకున్నాను. ముప్పై నాలుగు పేజీలయ్యాయి.

అప్పుడు నేను చేసిన పని ఇది. నెక్కొండలో ఉండే మా చెల్లె ఫోన్లో, "అక్కా, ముసలితనంల మతం మారుతాన్నవా ఏంది?" అని ఎత్తిపొడిచింది. రోషం వచ్చింది. ఆ రాతలో ఎంత సొగసుందో చూపించాలనిపించింది. పని పూర్తయ్యేదాకా కాగితాలు ఇల్లు దాటొద్దని సిస్టరమ్మ ముందే చెప్పింది. అయినా ఆమెను అడగకుండా సంచిలో పెట్టుకుని రైలెక్కాను. రెండు రోజులు ఉంచుకుంటానంటే చెల్లెకు ఇచ్చి వచ్చాను. అదే వారం వాళ్లింటికి రంగులు వేశారు. సామానంతా వాకిట్లోకి వచ్చి మళ్లీ లోపలికి పోయింది. కాగితాలు కనిపించలేదు. మూడుసార్లు నెక్కొండ వెళ్లి వెతికాను.

పదకొండు రోజులు మణికట్టు నొప్పి అని ఆమెకు అబద్ధం చెప్పాను. అప్పటికి నా చీర రంగు కూడా ఆమెకు తెలియడం లేదు. మళ్లీ అన్ని పేజీలు చెప్పడానికి ఆమెకు ఎంత కాలం మిగిలి ఉందో ఇద్దరికీ తెలియదు. పన్నెండో రోజు నోరు తెరిచాను.

"సిస్టరమ్మా, కాగితాలు మా చెల్లె ఇంట్ల పోయినయ్."

ఆమె గ్లాసు కోసం చేత్తో తడిమింది, అందించాను. ఖాళీ చేసి కింద పెట్టింది.

"రైతు చేసిన పని పంతులమ్మ చేసింది" అంది.

ఆ కథ అప్పటిదాకా నాకు చెప్పలేదు. మొదట రాసిన రైతు, ఇంట్లోవాళ్లకు చూపిస్తానని ఆ యువకుణ్ణి మళ్లీ మళ్లీ బతిమాలి నూటపదహారు పేజీలు తీసుకుపోయి పోగొట్టాడట. ఇక దొరకలేదు.

"నూటపదహారా! మన దగ్గర శుభానికి చదివిచ్చే లెక్క గద" అన్నాను, ఏడవలేక.

"ఆళ్లకు శుభం తర్వాత తెలిసింది తియ్. ఆ భాగం మల్ల చెప్పొద్దన్నడు దేవుడు. ఆ కాగితాలు దొంగిలించినోళ్లు పాతదాన్ల మాటలు మార్చి, రెండు పక్కపక్కన పెట్టి తప్పులు పడ్తరని. గని అంతకు రెండు వేల ఏండ్ల ముందే ఒక ప్రవక్తతోని అదే కాలం సంగతులు ఇంకో జత రేకుల మీద చెక్కిపిచ్చిండు. ఎందుకో ఆయనకే తెల్వదట. చెక్కుమంటె చెక్కిండు. పోయినదాని జాగల అది పెట్టిండ్రు." నా మోకాలి మీద తట్టింది. "ఫికర్ చేయకు. నేను గూడ అదే చెప్పను, ఇంకో దిక్కుకెల్లి చెప్త. పెన్ను తియ్."

మొదటిసారి ఆమె దేవదూత రాకతో మొదలుపెట్టింది. ఈసారి రేకులను దాచిన చివరి మనిషితో మొదలుపెట్టింది. యుద్ధంలో తండ్రి పోయాడు, బంధువులు పోయారు, జాతి అంతా పోయింది. అతనొక్కడే ఏళ్ల తరబడి ఆ రేకులు మోసుకుని తిరిగాడు. ఎవరు చదువుతారో తెలియకుండానే మిగిలినది రాసి గుట్టలో పెట్టాడు. తరువాత దేవదూతగా వచ్చి చూపించింది అతనేనని వాళ్ల నమ్మకం.

"అందరు పోయినంక గూడ కూసోని రాసిండక్కా" అంది. భర్త పోయిన ఏడాది ఆమె ఈ వరండాలో మాటా పలుకూ లేకుండా కూర్చున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. నా పెన్ను ఆగింది.

"ఆగినవేంది? రాయి."

నాలుగు నెలల్లో ముగించాం. ఆమె కూతురు కాగితాలకు చిల్లులు వేయించి, ఆ రేకులకు లాగానే మూడు రింగులు బిగించింది. చివరి పేజీ రాసిన రోజు సిస్టరమ్మ అడిగింది.

"ఇప్పుడన్న నమ్మినవా అక్కా?"

"నమ్మలే. గని నువ్వు చెప్పిన దాన్ల ఒక్క అక్షరం మార్చలే."

"గంతే చాలు. నేను అడిగింది గదే."

నా జీవితంలో నాకు చాలా సన్మానపత్రాలు ఇచ్చారు. వాటిలో ఏదీ ఆ మాటకు సరిరాదు. అంత తప్పు చేసిన నన్ను ఆమె మళ్లీ పెన్ను పట్టమంది. పోయిన కాగితాల ఊసు ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆమెను మట్టి చేసిన తొమ్మిదో రోజు మా చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, దొరికినయే! పట్టుచీరల ట్రంకుపెట్టెల, అడుగున పరిచిన పేపరు కింద." వెళ్లి తెచ్చుకున్నాను. లెక్కపెట్టాను. ముప్పై నాలుగూ ఉన్నాయి.

రింగుల పుస్తకం అడిగి తెచ్చి, రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. చేతిలోకి ఎర్రపెన్ను ఎప్పుడు వచ్చిందో తెలియదు. రెండు పత్రాలు ముందుంటే సరిచూడకుండా వదిలిన రోజు నాకు లేదు. మొదటి పేజీ మీద వేలు పెట్టాను. "దిద్దకక్కా" అన్న గొంతు చెవిలో పడ్డట్టయింది. పెన్ను మూత తీయకుండానే లేచాను.

రెండూ తీసుకెళ్లి ఆమె కూతురికి ఇచ్చాను. "పెద్దమ్మా, రెండిట్ల ఏది అసలుది?" అని అడిగింది.

"రెండు మీ అమ్మ చెప్పినవే బిడ్డా. రెండింటిని ఒక్కతాన్నే కట్టు."

నిన్న ఆదివారం గోడ అవతల పిల్లలు చదువుతుంటే విన్నాను. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే ఆగుతున్నారు, నేనక్కడ చుక్క పెట్టకపోయినా. నాలుగైంది. అలవాటు కొద్దీ మజ్జిగ చిలికి ఆమె గ్లాసులో పోసి గోడ మీద పెట్టాను. అవతల పేజీ తిప్పినప్పుడల్లా మూడు రింగులు చిన్నగా గల్లుమంటున్నాయి.