శుక్రవారం ఫోన్‌కు రాని గొంతు

మెడలో ఎడమవైపు గడ్డ తేలినప్పుడు నేను కోరుట్లలో బీడీలు చుడుతున్నాను. మా ఆయన దుబాయిలో తాపీ పని చేసేవాడు. నాకు అక్షరాలు వచ్చింది చాలా ఏళ్ల తర్వాత. కాబట్టి ఉత్తరాలు లేవు. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు పక్కింటి ఫోన్‌లో మాట్లాడుకునే నాలుగు మాటలే మా కాపురం.

గడ్డ మీద వేలు పెడితే గుండెలా కొట్టుకునేది. మా డాక్టరు సూది గుచ్చబోయి, అది కొట్టుకోవడం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హైదరాబాద్ పొమ్మన్నాడు. అక్కడి సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం మెడలో రెండుగా చీలుతుందట. సరిగ్గా ఆ చీలికలో కూర్చుంది గడ్డ. తీయక తప్పదు, కానీ పక్కనే గొంతు నరం ఉంది, మాట మారిపోవచ్చు అన్నాడు. ప్రాణం సంగతి అటుంచి, శుక్రవారం ఏం చేయాలన్న బెంగే నాకు పట్టుకుంది.

ఎందుకంటే దుబాయి పోయినవాళ్లకు ఇంటి కష్టం చెప్పకపోవడం మా వాడకట్టు పద్ధతి. చెప్తే వాళ్లకు రావడానికి సెలవు దొరకదు, అక్కడ అన్నం సహించదు. అత్తమ్మ కూడా అదే అంది. "వానికి చెప్పకు బిడ్డా, ఆగమైతడు."

ఆపరేషన్ మంచిగా అయింది. నాళానికి ఏమీ కాలేదు. గొంతు మాత్రం మగగొంతు అయి కూర్చుంది. శుక్రవారం అత్తమ్మ ఫోన్ పట్టి, నేను వెల్గటూరులో పెళ్లికి పోయానని చెప్పింది. మరుసటి వారం నన్ను ధర్మపురి పంపింది, ఆ పై వారం బీర్పూర్. "నీ కోడలు నాకంటె ఎక్కువ ఊర్లు తిరుగుతున్నదే, వచ్చే వారం ఇంట్ల ఉండుమను" అన్నాడట.

ఇక తప్పక ఆ వారం నేనే అందుకున్నాను. "ఏమయ్యా, తిన్నవా?"

అవతల ఆయన గద్దించాడు. "ఎవనివిర నువ్వు? నా పెండ్లాం ఏది?"

కుట్లు వేసిన చోట లాగుతున్నా నాకు నవ్వు ఆగలేదు. గొంతు మారినా నవ్వు మారలేదేమో, గుర్తుపట్టాడు. "ఏమైందే నీకు?" అని మెల్లగా అడిగాడు. అంతా చెప్పేశాను. దాంతో ఆయనా దాచింది బయటపెట్టాడు. కంపెనీ మూతపడిందట, పనివాళ్ల క్యాంపులో ఖాళీగా కూర్చున్నాడట.

పక్కనే చెవి ఒగ్గి వింటున్న అత్తమ్మ ఫోన్ లాక్కుంది. "గింత సంగతి తల్లికి దాస్తవార? రా ఇంటికి."

వచ్చాడు. నా గొంతు చాలావరకు తిరిగొచ్చింది. సాయంత్రమైతే ఇప్పటికీ కాస్త బొంగురు పోతుంది. నరం వల్ల అంటాను నేను, పొద్దంతా ఆగకుండా మాట్లాడటం వల్ల అంటాడు ఆయన.